నీలిరాయి, చీటీముక్క



పోయిన సంక్రాంతికి మా అమ్మాయి డాలస్ నుంచి వస్తూ నాకొక రాయిని తెచ్చింది. చొక్కాలు, చాక్లెట్లు, కీళ్ళనొప్పుల మాత్రలు తేవడం మామూలే గాని, రాయిని తేవడం ఇదే మొదలు. "నాన్నా, ముప్పై ఏళ్ళు పిల్లలకు నవరత్నాల పేర్లు వల్లె వేయించావు, ఒక్కదాన్నయినా చేత్తో పట్టుకుని చూశావా?" అని నవ్వుతూ నా అరచేతిలో పెట్టింది. బెత్తెడు ఎత్తు, అరకిలోకు పైగా బరువు. బల్లమీద నిలబడడానికి అడుగుభాగం కోసి చదును చేశారు. మిగిలిన ఒళ్ళంతా అద్దంలా నునుపు. రంగు సంగతి చెప్పడానికి నీలమనే ఒక్క మాట చాలదు. కార్తీకమాసంలో దీపాలు పెట్టే వేళకు తూర్పున కనిపించే ఆకాశం రంగు అది. ఆ నీలంలో అక్కడక్కడ బంగారు రజను చల్లినట్లు మెరుపులు, ఒక పక్క పాలచార వంటి తెల్లని గీత. లాపిస్ లాజులి అట. అమెరికాలో రాళ్ళు సేకరించేవారి కోసం పెట్టే ప్రదర్శనలో కొన్నదట.

రాతితోపాటు ఒక అట్టముక్క కూడా ఉంది. తపాలా కార్డులో సగం ఉంటుంది. దానిమీద రాయి పేరు, దాని కింద "సరే సంగ్, కొక్చా లోయ, బదఖ్షాన్, ఆఫ్ఘనిస్తాన్" అని ఊరి పేరు, ఒక అంకె. రాయిని తిరగేసి చూస్తే అడుగున తెల్లరంగు చుక్కపెట్టి, దానిమీద సన్నని నల్లసిరాతో అదే అంకె. రాయీ చీటీ విడిపోయినా మళ్ళీ కలుసుకోవడానికి ఆ ఏర్పాటు.

మా ఇంటావిడ రాయిని షోకేసులో కొండపల్లి బొమ్మలకూ మనవడి ఫోటోకూ మధ్య నిలబెట్టింది. బాగానే ఉంది. చీటీని మాత్రం "కొట్లో ధర చీటీలా అసహ్యంగా ఉందండీ" అని తీసి సొరుగులో పడవేసింది. నేను తీసి మళ్ళీ పెట్టాను. మర్నాటికి అది మళ్ళీ సొరుగులో ఉంది. వారం రోజులు ఈ భాగవతం నడిచింది. ఈ టపాకు మూలం ఆ తగాదాయే. ఆ అట్టముక్క రాతికి అలంకారం కాదు, ధర చీటీ అంతకన్నా కాదు, రాతిలో సగం అని నా పక్షం. ఎందుకంత పట్టుదల అంటే, ఒకప్పుడు ఇదే తగాదాలో నేను అవతలి పక్షాన నిలబడి ఒక పిల్లవాడికి అన్యాయం చేశాను. అది చివర చెబుతాను.

ముందు ఇరుగుపొరుగుల మాట. ఎదురింటాయన చూడగానే గుమ్మంలోనే ఆగి, "నీలమా సారూ! జాతకం చూపించకుండా ఇంట్లో పెట్టారా? శని పట్టేదాకా తెలియదు" అన్నారు. శనికి చెప్పిన నీలం వేరు, ఇది వేరు. ఇంద్రనీలం కురువిందజాతి రాయి, కాఠిన్యంలో వజ్రం తరవాతిది. నా చేతిలోది రసశాస్త్ర గ్రంథాలలో రాజావర్తమనే పేరుతో కనిపించే రాయి, గాజుకంటె కూడా కొంచెం మెత్తన. రాజులకు ప్రీతిపాత్రమైన ఆవర్తం అని మనవాళ్ళు వ్యుత్పత్తి చెప్పుకున్నారు గాని, అది పారసీకులు లాజవర్ద్ అనే మాటకు సంస్కృతవేషం వేయగా పుట్టిందని నిఘంటుకారులలో ఒక వాదం ఉంది. నాకా వాదమే నచ్చుతుంది. లాజవర్ద్ అన్నది ఆ రాయి దొరికిన చోటు పేరేనట. అదే మాట పడమటికి పోయి లాజులి అయింది, నోళ్ళలో మొదటి లకారం జారిపోయి ఇంగ్లీషు వారి ఆజ్యూర్ అయింది. సూర్యాపేటలో నా సహోపాధ్యాయులైన ఒక ఉర్దూ మౌల్వీగారు లేత చీకటి ఆకాశాన్ని చూపించి "లాజవర్దీ" అనేవారు. ఆయన అన్నది రంగు పేరు అనుకున్నాను. అది ఒక ఊరి పేరు. చీటీ పోయినా పేరులోనే చీటీ మిగిలిపోయిన రాయి ఇది. అన్ని రాళ్ళకూ ఆ భాగ్యం ఉండదు.

అసలు నీలమనే మాటతో మనకు మొదటినుంచీ చిక్కే. నీలమేఘశ్యాముడంటాం, నల్లనయ్య అంటాం, ఇద్దరూ ఒకరే. తిరుపతిలో సమర్పించేవి తలనీలాలు, అవి నల్లనివి. వట్టి పుకారును నీలివార్త అంటాం, చేయని తప్పు మీదపడితే నీలాపనింద అంటాం. ఆ నీలాపనింద కథలో తగువు పడిందీ ఒక మణి కోసమే కావడం తమాషా. శమంతకమణి ఎక్కడినుంచి ఎవరి చేతికి ఎలా వచ్చిందో సాక్ష్యం లేకనే కదా కృష్ణుడంతటివాడు అడవులు పట్టి తిరగవలసి వచ్చింది!

ఇంద్రనీలం పరీక్ష ఒకటి రత్నశాస్త్రాలలో చెబుతారు. పాలలో వేస్తే పాలు నీలంగా కనిపించాలి. శ్రేష్ఠమైన మహానీలమైతే తనకు నూరురెట్లు పాలను నీలం చేస్తుందట. పాఠం చెప్పేటప్పుడు నేనీ మాటను గొంతు పెంచి మరీ చెప్పేవాణ్ణి. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక వస్తు ప్రదర్శనలో మూడువందల రూపాయలకు నీలిరాతి గుడ్డు ఒకటి కొన్నాను. నునుపుగా, ముచ్చటగా ఉంది. ఎక్కడిదయ్యా అంటే అమ్మే కుర్రవాడు "ఫారిన్ సార్" అన్నాడు. ఫారిన్‌లో ఏ ఊరని రెట్టించకపోవడం నా తెలివితక్కువ. మా అమ్మాయి ఈసారి దాన్ని చూసి, గోళ్ళరంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి రుద్దింది. దూది నీలమైపోయింది. తెల్లరాతికి రంగు ఎక్కించి సానపట్టిన సరుకు. హౌలైటు, మాగ్నసైటు వంటి చవక తెల్లరాళ్ళను ఇలా లాజవర్దంగా మార్చి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. శాస్త్రం ప్రకారం పాలకు రంగు పూసినది మహారత్నం, బజారు ప్రకారం దూదికి రంగు పూసినది మోసం. పండితుడినైన నేను ఎటు తల ఊపాలో తెలియక ఆ గుడ్డును బియ్యం డబ్బామీద బరువుగా పెట్టాను.

అసలు లాజవర్దంలో నీలం పైపూత కాదు. ఆ రాతి అల్లికలో చిక్కుకున్న గంధకపు పరమాణువుల వల్ల వచ్చిన రంగు. బంగారమనిపించేది ఇనుపగంధకపు రజను. తెల్లగీత సున్నపురాయి జాతి. బదఖ్షాన్ కొండలనుంచి వేల ఏళ్ళుగా దీన్ని తవ్వుతున్నారు. సింధునాగరికత పూసలలో ఇది ఉంది, మెసొపొటేమియాలో ఊర్ నగరపు రాజసమాధుల్లో ఉంది, ఈజిప్టులో టుటన్‌ఖామున్ బంగారు ముసుగు కనుబొమలలో ఉంది. ఇంతింత దూరాల మధ్య ఆనాడే రాకపోకలున్నాయని చరిత్రకారులు నిబ్బరంగా చెప్పగలుగుతున్నారంటే, ఆ రాయి పుట్టిల్లు ఎక్కడో తెలియడం వల్లనే. పుట్టిల్లు తెలియని రాయి ఎంత నునుపుగా ఉన్నా నోరు విప్పదు.

సానపట్టడం గురించి కూడా ఒక మాట. రాళ్ళు సేకరించేవారిలో సాన అంటే గిట్టనివారున్నారు. స్ఫటికాలుగా పెరిగిన ఖనిజాన్ని సానపడితే దాని ముఖం చెరిపివేసినట్లే అంటారు, నిజమే. కాని ముద్దగా దొరికే లాజవర్దానికి చెరిపివేయడానికి ముఖం లేదు. సాన పడితేనే లోపలి రంగు పైకి వస్తుంది. ఏటిఒడ్డున ఏరిన రాయి తడిగా ఉన్నప్పుడు రంగులీని, ఇంటికి తెచ్చి ఆరబెట్టగానే వెలవెలపోవడం మనందరం చిన్నతనంలో చూసినదే. గరుకుతలంమీద పడిన వెలుతురు అన్నివైపులా చెదిరిపోయి రంగును తెల్లబారుస్తుంది. నీటిపొర ఆ గరుకును కప్పుతుంది. సాన ఆ గరుకును తీసివేస్తుంది. కనుక సాన పట్టడమంటే రాయిని ఎప్పటికీ తడిగా ఉంచడమే. దానిమీద నాకు ఆక్షేపణ లేదు.

చీటీ ఏమి చేయగలదో చెప్పడానికి పుణె పక్కనున్న వాఘోలీని చూడండి. అక్కడివి కంకరకోసం బసాల్టు రాతిని పగలగొట్టే క్వారీలు. ఆ రాతి తొర్రలలో కావన్‌సైట్ అనే ఖనిజం దొరుకుతుంది. కాల్షియం, వనేడియం, సిలికాన్ కలిసిన సమ్మేళనం, తెల్లని గుడ్డమీద నీలిమందు పొడి రాలినట్లుండే చిన్నచిన్న గుత్తులు. సానకు ఆగదు, గట్టిగా ముట్టుకుంటే రాలుతుంది. దాన్ని మొదట గుర్తించింది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో. కాని మేలిజాతిది వాఘోలీదే. ప్రపంచంలో ఎవరి అలమరలో అది ఉన్నా పక్కన చీటీమీద వాఘోలీ అని ఉంటుంది. కంకర క్వారీల ఊరి పేరును పారిస్‌లోనూ టోక్యోలోనూ కూడబలుక్కుని చదువుతారు. ఆ ఊరిని అంతదూరం మోసినది అట్టముక్క.

ఇక మన సంగతికి వస్తాను. భూమిమీద అన్నిటికంటె పేరుమోసిన నీలిరాయి ఏదంటే అది మా కోదాడకు దక్షిణాన పారే కృష్ణ ఒడ్డుదే అని ఎక్కువమంది నమ్ముతున్నారు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ప్రదర్శనశాలలో హోప్ వజ్రమనే పేరుతో ఉంది. 45.52 క్యారట్లు, అంటే తొమ్మిది గ్రాములకు కాస్త ఎక్కువ. మా అమ్మాయి తెచ్చిన రాతిలో యాభైయో వంతు కూడా లేదు. వజ్రంలో బోరాన్ మూలకం లేశమాత్రం కలవడం వల్ల ఆ నీలం. అతినీలలోహిత కిరణాలు పడనిచ్చి దీపం ఆర్పితే కొద్ది సేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుందట.

ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1668లో పద్నాలుగో లూయీ రాజుకు అమ్మిన నూటపన్నెండు పాత క్యారట్ల నీలివజ్రమే దీని పూర్వరూపం. రాజు 1673లో దాన్ని తిరిగి కోయించి అరవైఏడు క్యారట్ల ఆభరణం చేయించాడు. ఫ్రెంచి విప్లవంలో 1792 సెప్టెంబరులో రాజభాండాగారం దోపిడీలో అది పోయింది. ఇరవై ఏళ్ళు దాటీదాటగానే, 1812లో, లండనులో నలభైఅయిదున్నర క్యారట్ల నీలివజ్రం ఒకటి చీటీ లేకుండా ప్రత్యక్షమైంది. 1839లో హోప్ అనే ధనికుని సేకరణ జాబితాలోకి ఎక్కి ఆయన పేరు పెట్టుకుంది. ఇది అదేనా అన్న సందేహం చాలాకాలం సాగింది. దాన్ని తీర్చింది ఏమిటనుకున్నారు? పారిస్ ప్రదర్శనశాల సొరుగులో నూటయాభై ఏళ్ళు పడివున్న ఒక సీసపు అచ్చు. పోయిన ఫ్రెంచి వజ్రానికి అది ప్రతిరూపమని 2007లో గుర్తించారు. ఆ అచ్చుకు పాత జాబితాలో రాసివున్న వివరంలో, ఈ వజ్రం లండనులోని హోప్‌గారిదని ఒక మాట ఉంది. పోలీసులు, రాజులు, ఆభరణాల వర్తకులు తేల్చలేనిదాన్ని ఎవరో గుమాస్తా రాసిపెట్టిన ఒక పంక్తి తేల్చింది. ఆ గుమాస్తాకు నా నమస్సులు.

ఈ వజ్రం సీతమ్మవారి విగ్రహం కన్ను అనీ, తావెర్నియే దాన్ని పెరికి తీసినందుకు కుక్కలు చీల్చి చంపాయనీ ఒక కథ పత్రికల్లో నలిగింది. నీలివార్త అంటే ఇదే. తావెర్నియే ఎనభై నాలుగేళ్ళ వయస్సులో రష్యా దేశంలో పోయాడు. పుట్టిన ఊరు చెప్పే చీటీ లేని చోట ఇలాంటి కథలు మొలుస్తాయి. అమ్మేవాడికి అవే లాభం.

ఇంతకూ పుట్టిన ఊరు ఏది? కృష్ణ కుడిగట్టున పల్నాటి వైపు కొల్లూరు అని ఎక్కువమంది నిర్ణయం. మా మేళ్ళచెరువు వైపు గట్టుమీద నిలబడితే ఆవలిగట్టు ప్రాంతం. తావెర్నియే ఆ గనిని స్వయంగా చూశాడు. గోల్కొండనుంచి ఏడురోజుల ప్రయాణమనీ, అరవైవేలమంది ఆడా మగా పిల్లా పని చేస్తున్నారనీ రాశాడు. అంతకు నూరేళ్ళ క్రితం ఒక పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతుంటే ఇరవైఅయిదు క్యారట్ల రాయి ఒకటి దొరకడంతో ఆ గని బయటపడిందని కూడా రాశాడు. ఆ రైతు పేరు మాత్రం రాయలేదు. ఇక ఊరి పేరు దగ్గర ఆయన పడ్డ తికమక తెలుగువాడు చదివితే నవ్వాపుకోలేడు. ఈ చోటును దేశభాషలో గని అంటారు, పారసీకంలో కొల్లూరు అంటారు అని రాశాడు! ఎవరో మన కూలీని పట్టుకుని ఇదేమిటని అడిగివుంటాడు, వాడు "గని" అనివుంటాడు. పాపం, ఇద్దరూ నిజమే చెప్పారు. నీలివజ్రం రంగును కూడా ఆయన అందమైన ఊదా అని రాశాడు. నల్లటి జుట్టును నీలాలనే మనం ఆయనను ఎగతాళి చేయలేం.

ఆ తరవాత కొల్లూరు పేరు మీద గోల్కొండ వచ్చి కూర్చుంది. గోల్కొండలో వజ్రం ఎక్కడ తవ్వారు? అది రాజధాని, అంగడి. వజ్రాలు తవ్వినది కొల్లూరులో, పరిటాలలో. కోదాడనుంచి బెజవాడ వెళ్ళే రహదారిమీద పరిటాల దగ్గర బస్సులో అందరూ ఎత్తైన ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంటారు. ఆ నేల కోసమే 1766 ఒప్పందంలో ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికి పోయినా, వజ్రపు గనులను నిజాము తన కిందనే ఉంచుకున్నాడని ఎందరికి తెలుసు? అంగడి పేరే సరుకు పేరు కావడం లోకరీతి. మా నేరేడుచర్ల, హుజూర్‌నగర్ పొలాల్లో పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులలో ఆడించి బస్తాలకెత్తితే అవి మిర్యాలగూడ బియ్యమే. మిర్యాలగూడలో పదకొండేళ్ళు పనిచేసి ఆ బియ్యం తిన్నవాణ్ణి, నాకు ఆ ఊరిమీద కోపం లేదు. పండించినవాడి ఊరు బస్తామీద లేదని మాత్రమే అంటున్నాను.

హోప్ వజ్రం గురించి నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి ఉంది. దాని చివరి యజమాని హారీ విన్‌స్టన్ 1958 నవంబరులో దాన్ని ప్రదర్శనశాలకు కానుకగా పంపుతూ, మామూలు గోధుమరంగు కాగితంలో చుట్టి రిజిస్టరు పోస్టులో పంపాడు. భీమాతో కలిపి ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. ఆ కాగితాన్ని కూడా వారు పారవేయలేదు, తపాలా ప్రదర్శనశాలలో దాచారు. అంటే ఆ రాయి చేరవలసిన చిరునామా కాగితం భద్రంగా ఉంది. బయలుదేరిన చిరునామా కాగితమే లేదు. అది రాయవలసినవాళ్ళం మనం.

ఇప్పుడు రాయడానికి ఆ ఊరూ లేదు. పులిచింతల ప్రాజెక్టు కట్టి 2013 డిసెంబరులో ప్రారంభించారు. కొల్లూరు గనుల నేల ఆ జలాశయం కిందికి పోయింది. మా గట్టున చింత్రియాల, వెల్లటూరు, నెమలిపురి వంటి పల్లెలు పోయాయి. ప్రాజెక్టు వద్దని నేననను. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు తాగి బతికిన ప్రాంతంవాణ్ణి, దిగువవారి పొలాలకు నీళ్ళు వద్దనే నోరు నాకు లేదు. కాని సాగర్ కట్టేముందు నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, రాళ్ళకు అంకెలు వేసి, కొన్ని కట్టడాలను కొండమీద తిరిగి నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో రాసిపెట్టుకున్నారు. కొల్లూరుకూ మా రేవులకూ ఆపాటి రాతకోతలు జరగలేదన్నది నా బాధ. వజ్రం దొరికిన నేల గనుక కొల్లూరు పేరు పుస్తకాల్లోనైనా మిగిలింది. మా గట్టు పల్లెల పేర్లు నష్టపరిహారం జాబితాల్లో మిగిలాయి.

ఇక నా తప్పు.

2008లో సూర్యాపేట కోదాడల మధ్య ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. అక్కడి సైన్సు మాస్టారు పిల్లలచేత రాళ్ళు తెప్పించి ఒక గాజు బీరువాలో పేర్చేవారు. నాపరాయి, పలుగురాయి, మూసీ ఇసుకరాయి, మైలుతుత్తం నీళ్ళలో దారం వేలాడదీసి పిల్లలే పెంచిన నీలిస్ఫటికం కూడా. చింత్రియాలనుంచి వచ్చి హాస్టలులో ఉండి చదువుకునే ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు తన ఊరి రేవులోనుంచి గుప్పెడంత నీలిరంగు గులకరాయిని తెచ్చాడు. సాన ఎక్కడ పట్టగలడు? కొబ్బరినూనె రాసి, గుడ్డతో రుద్ది రుద్ది నిగనిగలాడించాడు. నోటుబుక్కు కాగితం చింపి, ఏ రేవో, ఏ చెట్టు కిందో, ఎవరు తెచ్చారో గుండ్రని అక్షరాలతో రాసి కింద పెట్టాడు. అందులో రెండు అక్షరదోషాలుంటే పిలిచి దిద్దించినవాణ్ణి కూడా నేనే.

సైన్సు మాస్టారు బదిలీ అయ్యారు. రెండేళ్ళకు తనిఖీ వస్తున్నదని బీరువా శుభ్రం చేసే పని నామీద పడింది. తెరిచి చూస్తే చీటీలు సగం చెదలు తిన్నాయి, మిగిలినవి పసుపుబారాయి. చూడడానికి అసహ్యంగా ఉన్నాయి. అవును, మా ఆవిడ ఇప్పుడన్న మాటే ఆనాడు నేనన్నాను. చీటీలన్నీ ఊడ్పించి చెత్తలో పోయించాను. రాళ్ళను కడిగించి ఇత్తడి పళ్ళెంలో రంగులవారీగా పేర్పించాను. తనిఖీకి వచ్చినవారు చూసి "తెలుగు పండితులలో ఇంత కళాదృష్టి ఉండడం విశేషం" అన్నారు. నేను పొంగిపోయాను. తరవాత కొత్త గదులు కట్టినప్పుడు బీరువా పోయింది, రాళ్ళను పారవేయబోతుంటే మనసొప్పక ఇంటికి తెచ్చి తులసికోట మొదట్లో పోశాను.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఉదయం ముప్పై ఏళ్ళ యువకుడొకడు గేటు దగ్గర నిలబడి "సార్, గుర్తుపట్టారా?" అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియనుగా పని చేస్తున్నాడు, పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు, కూతురు పుట్టింది. కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, మెల్లగా అడిగాడు. "సార్, బడిలో మా రేవు రాయి ఒకటి పెట్టాను. పాతబడికి పోయి అడిగితే రాళ్ళు మీరు తీసుకుపోయారన్నారు. ఉన్నదా సార్? పాపకు చూపిద్దామని."

ఇద్దరం తులసికోట దగ్గర గొంతుక్కూర్చున్నాం. మట్టి దులిపి రాళ్ళన్నీ ఏరాం. ఎండిన రాళ్ళలో రంగు తెలియక చెంబుతో నీళ్ళు పోసి చూశాం. గుప్పెడంత ఉన్నవి, నీలిచాయవి మూడు తేలాయి. ఒకటొకటిగా చేతిలో తిప్పి చూశాడు. బొటనవేలితో రుద్దాడు. "ఇదనుకుంటా సార్" అన్నాడు, తరవాత "కాదు, ఇది" అన్నాడు. పదిహేనేళ్ళు ఎండా వానా తగిలిన రాళ్ళు. వాటిలో ఒకటి కృష్ణది, మిగిలిన రెండూ ఎవరు ఎక్కడినుంచి తెచ్చినవో! నా ముఖం చూసి అతనే నన్ను ఓదార్చాడు. "ఏదైతే ఏముంది సార్, అన్నీ మన దగ్గరివే గదా" అన్నాడు. మూడింటినీ తులసికోట గట్టుమీద వరసగా పెట్టి, సెల్‌ఫోనులో ఫోటో తీసుకుని, వాటిని అక్కడే ఉంచి లేచాడు. ఒక్కటైనా తీసుకుపొమ్మంటే, "వేరేవాళ్ళదైతే తప్పు సార్" అన్నాడు.

గేటు దాకా వెళ్ళినవాణ్ణి వెనక్కి పిలిచి, ఒక తెల్లకాగితం ఇచ్చి, ఆనాడు చీటీమీద ఏమి రాశాడో గుర్తున్నంతవరకు మళ్ళీ రాయమన్నాను. అరుగుమీద కూర్చుని రాశాడు. ఈసారి తప్పులు లేవు. దానికి పైన నేను "ఈ మూడింటిలో ఒకటి" అని చేర్చి, దళసరి అట్టకు అంటించాను.

మా అమ్మాయి రాయి వచ్చాక ఆ మూడింటినీ కూడా లోపలికి తెచ్చి షోకేసులో పెట్టాను. సాన లేదు, నూనె లేదు, చూడడానికి వట్టి గులకరాళ్ళు. సరే సంగ్ చీటీ పక్కన చింత్రియాల చీటీ ఉంది. పోయిన వారం మా ఆవిడ బొమ్మలు తుడుస్తూ రెండు చీటీలనూ తీసి, దుమ్ము దులిపి, ఏది ఎక్కడుండేదో నన్నడిగి మరీ అక్కడే పెట్టింది.